ఒకే ముహూర్తం

రెండు ఉండాలని పట్టుబట్టింది నేను. రెండూ పెట్టించేదాకా ఎవర్నీ నిద్రపోనివ్వనిది నేను. ఆ రెండింటినీ ఒకే ముహూర్తానికి ఆర్పేస్తుంటే ముందు వరసలో నిలబడి చప్పట్లు కొట్టిందీ నేనే. ఇది చెబుతున్నంతసేపూ నాకు కోపంగానే ఉంటుంది. ఎవరి మీద అని ఇప్పుడే అడక్కండి, వరసగా వస్తారు.

నా పేరు గౌరీశ్వరి. విశాఖపట్నంలో, సముద్రం కనిపించే ఒక కొండ మీద ఉన్న మెదడు పరిశోధన సంస్థలో ఇంజనీరుని. మా ఆయన సన్యాసిరావు సిటీ బస్సు కండక్టరు. నేను కాలేజీకి వెళ్ళే రోజుల్లో ఆ బస్సే ఎక్కేదాన్ని. స్టాపుల పేర్లు ఆయన పిలిచే తీరు వేరుగా ఉండేది. "గురుద్వారా... గురుద్వారా, దిగాల దిగాల!" అని సాగదీసి, చివర్లో టక్కున ఆపేవాడు. కునుకు తీస్తున్న ముసలమ్మలు కూడా నవ్వుతూ లేచి దిగేవాళ్ళు. ఆ గొంతు విని పెళ్ళి చేసుకున్నానంటే మా అక్క ఇప్పటికీ ఆటపట్టిస్తుంది.

మాకొక్కతే కూతురు, మందాకిని. దాన్ని రోజూ పొద్దున్నే మంచం మీంచి లేపడం ఆయన పని. తలుపు దగ్గర నిలబడి, "మందాకినీ... మందాకినీ... దిగాల దిగాల!" అనేవాడు. అది కళ్ళు మూసుకునే ఒక్క గెంతు గెంతేది. బడికి టైమైపోతోందని నేను అరిచినా కదలనిది, ఆ పిలుపుకి మాత్రం దిగేది.

నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, బస్సు తాటిచెట్లపాలెం దాటాక, తర్వాతి స్టాపు పేరు ఆయన నోట రాలేదు. "ఏటి బావా, కంచరపాలెం ఎత్తేశారేటి?" అని ఎవరో నవ్వారట. ఆయన చెయ్యి పైకెత్తి, నోరు తెరిచి, అలాగే నిలబడిపోయాడట. తలలో ఒక నరం చిట్లింది.

మనిషి బతికాడు. నడిచేవాడు, తినేవాడు, చిల్లర సరిగ్గా ఇచ్చేవాడు. అందరినీ గుర్తుపట్టేవాడు. పేర్లు మాత్రం పోయాయి. గ్లాసు చూపించి "ఇదేంటి?" అంటే, "అదే... అది... నీళ్ళు తాగీది" అనేవాడు. నన్ను చూసి "నువ్వు", కూతుర్ని చూసి "ఇది". ఐదేళ్ళ పిల్ల, "నేను ఇది కాదు నాన్నా" అని ఏడ్చేది. ఉద్యోగం పోయింది. స్టాపు పేరు పిలవలేని కండక్టరుని ఎవరుంచుకుంటారు?

సరిగ్గా ఆ రోజుల్లోనే మా డైరెక్టరు నీలాద్రిరావు గారు నన్ను తన గదికి పిలిచారు. ఆ ఆలోచన ఆయనదే. ఎంత కోపంలో ఉన్నా ఆ మాట దాచను.

"నువ్విక్కడికి రాకముందు ఏం పని చేసేదానివి గౌరీ?" అని అడిగారు.

"ఇంటర్నెట్లో పేర్లకి నంబర్లు చెప్పే సర్వర్లు చూసుకునేదాన్ని సార్. ఫోన్లో మనం ఒక సైటు పేరు కొడతాం. దాని అసలు నంబరేంటో ఆ సర్వరు చెబుతుంది. అది చెప్పకపోతే ఏ సైటూ తెరుచుకోదు."

"మీ ఆయనది దాన్ని తిరగేసిన జబ్బు. ఆయన తలలో నంబరు భద్రంగా ఉంది. గ్లాసుని చూస్తే గ్లాసు తాలూకు సంకేతం పుడుతూనే ఉంది. దానికి పేరు చెప్పేవాడే లేడు. ఆ చెప్పేవాణ్ణి మనం బయట పెడదాం."

చెవి వెనక చర్మం కింద బియ్యపుగింజంత యంత్రం. మనిషి దేన్నైనా చూసి పేరు కోసం తడుముకున్నప్పుడు మెదడులో పుట్టే సంకేతాన్ని ఆ గింజ పట్టుకుని మా కొండ మీది నామకేంద్రానికి పంపుతుంది. అక్కడ ఒక్కో రోగికి ఒక్కో పేర్ల పట్టిక ఉంటుంది. పేరు వెనక్కి వస్తుంది, నోట పలుకుతుంది. రెప్పపాటు కూడా పట్టదు.

మా ఆయన మూడో రోగి. గింజ పెట్టిన తొమ్మిదో రోజున డాక్టర్ జుబేదా ఆయన ముందు ఒక నిమ్మకాయ పట్టుకుంది. ఆయన దాన్ని చూశాడు. "నిమ్మకాయ" అన్నాడు. అని, తనే ఉలిక్కిపడ్డాడు. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. "బల్ల. కుర్చీ. ఫ్యాను. డాక్టరమ్మ. గౌరి. ఏటే గౌరీ, ఏడుస్తున్నావేటి?" అని గది తలుపు తోసుకుని వరండాలోకి పరిగెత్తాడు. అక్కడ ఎత్తు బెంచీ మీద కాళ్ళు ఊపుకుంటూ పిల్ల కూర్చుని ఉంది.

"మందాకినీ... మందాకినీ... దిగాల దిగాల!"

అది దూకిన దూకుడికి మోకాలు చీరుకుంది. ఏడవలేదు.

*

ఒకే ఒక్క కేంద్రం. అది ఆగితే? ఈ ప్రశ్నతో నేను నీలాద్రిరావు గారి ప్రాణం తీశాను. తుపాను వస్తే, కరెంటు పోతే, ఎలుక తీగ కొరికితే? అప్పటికి నలభై మందే రోగులు. వచ్చే ఏటికి పదకొండు వందలు అవుతారు. రెండో కేంద్రం ఉండి తీరాలన్నాను.

"సరే, పక్క గదిలో పెట్టు" అన్నారు.

"పక్క గదిలో పెడితే దొందూ దొందే సార్. ఒక తుపానుకి రెండూ పోతాయి."

ఏడాదిన్నర పోరాడి రెండో కేంద్రాన్ని అనంతపురంలో పెట్టించాను. ఇక్కడ తుపాను, అక్కడ ఎండ. రెండు చోట్లా వేర్వేరు కంపెనీల యంత్రాలు, ఒకదాని లోపం రెండోదానికి అంటకుండా. వేర్వేరు కరెంటు లైన్లు. వేర్వేరు సిబ్బంది. తీగలు రెండు కంపెనీలవి, రెండు దారుల్లో వస్తాయని కాగితాల్లో రాసిచ్చారు. నేను నమ్మలేదు. జీపు వేసుకుని ఆ దారుల వెంట తిరిగాను. ఒకచోట కాలువ మీది వంతెన కింద నీలం గొట్టం, నారింజ గొట్టం పక్కపక్కనే పోతూ కనిపించాయి. ఒక్క లారీ ఆ వంతెన మీంచి పడితే చాలు. రెండు నెలలు దెబ్బలాడి ఒక గొట్టాన్ని వేరే ఊరి మీదుగా తిప్పించాను. అంత గర్వపడ్డ పని జీవితంలో ఇంకోటి లేదు.

రెండు చోట్ల మాత్రం ఓడిపోయాను.

ఒకసారి తెలిసిన పేరుని గింజ కాసేపు తనలోనే నిలుపుకుంటుంది, మళ్ళీ మళ్ళీ అడగకుండా. ఆ కాసేపు ఎంత? ఒక రోజంతా ఉంచమన్నాను. నీలాద్రిరావు గారు పది నిమిషాలు చాలన్నారు. సంస్థ చూడడానికి పెద్దలు వచ్చినప్పుడు, రోగి ముందు కొత్త మనిషిని నిలబెట్టి, పట్టికలో పేరు చేర్చి, రోగి వెంటనే ఆ పేరుతో పలకరించడం ఆయనకి ఇష్టమైన ప్రదర్శన. రోజంతా నిలుపుకుంటే పేరు మార్చి చూపించినప్పుడు పాత పేరే పలుకుతుంది. అతిథుల ముందు పరువు పోతుంది.

రెండోది ఇంకా పెద్దది. ముక్కూ మొహం తెలియనివాడు ఎదురైతే రోగులు పేరు కోసం తలలో వెతికి వెతికి నొప్పితో పడిపోయేవారు. అందుకని, పట్టికలో లేని మనిషైతే "పేరు లేదు" అన్న సంకేతాన్ని కేంద్రం పంపేది. మెదడు దాన్ని నమ్మి, వెతకడం మానేసి, శాంతించేది. మంచిదే. మరి కేంద్రం నుంచి అసలు జవాబే రాకపోతే? గింజ మొదటి కేంద్రాన్ని అడుగుతుంది, తర్వాత రెండోదాన్ని, అలా మూడు విడతలు. ఎవరూ పలకకపోతే అప్పుడూ అదే సంకేతం ఇచ్చేలా రాశారు.

"సార్, తలుపు తీయకపోవడం వేరు, ఆ పేరుగలవాళ్ళు ఈ వీధిలోనే లేరనడం వేరు. జవాబు రానప్పుడు 'తర్వాత అడుగు' అన్న సంకేతం విడిగా ఉండాలి."

"రెండో సంకేతమంటే మళ్ళీ అనుమతులు, మళ్ళీ పరీక్షలు. ఏడాది వెనకబడతాం. నువ్వు రెండు కేంద్రాలు పెట్టించావు కదా గౌరీ? రెండూ ఒకేసారి ఆగుతాయా?"

"ఆగవు సార్" అన్నాను.

నా పని మీద నాకు అంత నమ్మకం. ఆ రోజు ఇంటికి వచ్చి మా ఆయనకి చెబితే, "రెండు బస్సులు ఒకేసారి బ్రేక్‌డౌనవడం నేనూ చూళ్ళేదులే" అన్నాడు.

*

దసరా ముందు వారం డైరెక్టరు ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. ఒకే కేంద్రం ఉన్నన్నాళ్ళూ ఆపే వీల్లేక పూజ చేయలేదు; రెండోది వచ్చాక మాకదే మొదటి ఆయుధపూజ. నీలాద్రిరావు గారు సిద్ధాంతి గారిని సంప్రదించి ముహూర్తం పెట్టించారు: ఉదయం పది నలభై రెండు. విశాఖలోనూ అనంతపురంలోనూ ఒకే ముహూర్తం. రెండు పూజలూ గోడ మీది పెద్ద తెర మీద పక్కపక్కన కనిపించాలి, ఫొటోలు తీయాలి. తిరుగుతున్న యంత్రానికి బొట్టు పెట్టకూడదన్నది మా ఎలక్ట్రీషియన్ల పట్టు. అంచేత యంత్రాలు ఆపి పూజ చేయాలి. చివర్లో ఒక వాక్యం ఉంది: "పూజ సమయంలో మీ కేంద్రం ఆపినప్పటికీ రెండవ కేంద్రం సేవలందిస్తుంది కనుక రోగులకు ఎట్టి అంతరాయమూ ఉండదు."

అదే కాగితం ఇక్కడికీ వచ్చింది, అదే కాగితం అక్కడికీ వెళ్ళింది. విడివిడిగా చదివితే ఎంత నిజం!

కేంద్రం ఆపాలంటే ఒక ఫారం నింపాలి. ఆ ఫారం తయారుచేసిందీ నేనే. అందులో నాలుగో ప్రశ్న: రెండవ కేంద్రం నడుస్తున్నదా? ఫోన్ చేసి కనుక్కుని, అవును అని రాసి, సంతకం పెట్టాలి. ముహూర్తం వేళకి హడావుడి అవుతుందని పొద్దున్న తొమ్మిదింటికే అనంతపురం ఫోన్ చేశాను. మా ఆఫీసుల్లో కాగితాలన్నీ అలా ముందే నింపి పెట్టుకుంటాం. అక్కడి ఇంచార్జి ఓబులపతి ఎత్తాడు.

"మీది నడుస్తోందా ఓబులపతీ?"

"బ్రహ్మాండంగా నడుస్తాంది మేడం. మీది?"

"నడుస్తోంది."

"సరే మేడం, నేనూ రాసుకుంటాండా. పండగ శుభాకాంక్షలు."

ఇద్దరం అవును అని రాశాం. ఇద్దరం నిజమే రాశాం. తొమ్మిదింటి నిజం.

పది నలభైకి అందరి ఫోన్లూ ఒక పళ్ళెంలో వేయించి బయట పెట్టారు, పూజ మధ్యలో మోగకుండా. నీలాద్రిరావు గారు పట్టుపంచె కట్టుకున్నారు. బంతిపూల దండలు, నిమ్మకాయలు, గుమ్మడికాయ. తెర మీద ఎడమవైపు మేము, కుడివైపు అనంతపురం. పది నలభై రెండుకి మీట దించారు. పంకాలన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. హాయిగా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తెర మీద కుడివైపు కూడా పచ్చదీపాలు ఆరిపోయాయి. నా కళ్ళతో చూశాను. రెండు బొమ్మల్లోనూ చీకటి యంత్రాల మీద పసుపు దండలు. ఎంత బాగా కుదిరిందో అనుకుని చప్పట్లు కొట్టాను. వంతెన కింద రెండు గొట్టాలు కనిపెట్టిన మనిషిని, గోడంత తెర మీద రెండు చీకట్లు కనిపెట్టలేకపోయాను. నేలలు వేరు చేశాను, తీగలు వేరు చేశాను, మనుషుల్ని వేరు చేశాను. పంచాంగం ఒకటేనన్న సంగతి నా ప్రణాళికలో ఎక్కడా లేదు.

యంత్రాలు మళ్ళీ పూర్తిగా లేచేసరికి ఇరవై ఏడు నిమిషాలయింది. మొదటి పది నిమిషాలు గింజలు తమలో ఉన్న పేర్లతో గడిపేశాయి. మిగిలినవి పదిహేడు.

*

ఫోన్ చేతికొచ్చేసరికి ఇంటి నుంచి తొమ్మిది కాల్స్ వచ్చి ఉన్నాయి.

ఇంట్లో జరిగింది ఇది. స్నానం చేసి, కొత్త గౌను వేసుకుని, పిల్ల నాన్న ముందుకొచ్చి గిర్రున తిరిగింది. "నాన్నా, ఎలాగున్నాను?" ఆయన నవ్వి, పిలవబోయి, ఆగిపోయాడు. అది వేళాకోళమనుకుంది.

"నా పేరేటి నాన్నా?"

ఆయన నోరు తెరిచాడు.

"చెప్పు నాన్నా. నా పేరేటి?"

భయమేసింది దానికి. నాకు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు. మళ్ళీ వెళ్ళి ఆయన మొహాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, "నన్ను చూడు, నన్ను చూసి చెప్పు" అంది. పదిహేడు నిమిషాల పాటు తొమ్మిదేళ్ళ పిల్ల తండ్రిని తన పేరు అడుగుతూనే ఉంది. అడిగిన ప్రతిసారీ గింజ రెండు కేంద్రాల్నీ అడిగింది. పలికే నాథుడు లేక ప్రతిసారీ మెదడుకి చెప్పింది: పేరు లేదు. పేరు లేదు. పేరు లేదు.

నేను పరిగెత్తుకుంటూ ఇంటికి చేరేసరికి ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. "గౌరీ, వచ్చీసినావా?" అన్నాడు. కేంద్రాలు లేచాయి కదా. బల్ల, కుర్చీ, ఫ్యాను, అన్నీ చెబుతున్నాడు. ఆ పదిహేడు నిమిషాలూ నేనాయన ఎదుట లేను, అందుకని నా పేరు మిగిలింది. ఇంట్లో లేనందుకు నాకు దక్కిన బహుమానం.

"మరి ఇదెవరు?" అని పిల్లని ముందుకు తోశాను.

ఆయన దాన్ని దగ్గరికి తీసుకుని తల నిమిరాడు. కళ్ళ నిండా నీళ్ళు. "నా కూతురు" అన్నాడు. "నా బంగారం" అన్నాడు. అంతే.

పట్టికలో పేరు ఉంది. కేంద్రం పంపుతోంది. గింజ అందుకుంటోంది. డాక్టర్ జుబేదా అన్నీ పరీక్షించి, కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తీసింది.

"ఆయన మెదడు ఇక అడగడం లేదు గౌరీ. ఈ మొహానికి పేరు లేదని నేర్చుకుంది. ఒకసారి విని ఉంటే మర్చిపోయేదేమో. ఎన్నిసార్లు విందో చూడు." తెర మీద గీతలు చూపించింది. "రెండు వందల పన్నెండు సార్లు."

"కొత్త పేరు పెడితే?"

"ఏ పేరైనా అంతే. తలుపు ఆ మొహానికి మూసుకుంది."

పదకొండు వందల మంది రోగులు. పండగ పూట వాళ్ళ ముందు ఎవరుంటారు? పిల్లలు, మనవలు, పెళ్ళాలు, అక్కచెల్లెళ్ళు. ఎవరికి ఎవరు ఇష్టమో వాళ్ళే ఎదుట ఉన్నారు. వాళ్ళ పేర్లే పోయాయి. చెంచాల పేర్లూ చీపుర్ల పేర్లూ దివ్యంగా మిగిలాయి.

మందాకిని ఊరుకోలేదు. తన పేరు వినిపించి అనిపించింది. "మందాకిని" అని చిలకలా అన్నాడు. అదెవరి పేరు నాన్నా అంటే, తెలీదన్నాడు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఆయన ఎడమ అరచేతిలో బాల్‌పెన్నుతో తన పేరు రాయడం మొదలుపెట్టింది. ఆయన అరచెయ్యి చూసి, చదివి, దాని వంక చూసి పిలిచేవాడు. చెయ్యి చూడకపోతే ఇంతే సంగతులు. మధ్యాహ్నానికి చెమటకి చెరిగిపోయేది. సాయంత్రం బడి నుంచి వచ్చి మళ్ళీ రాసేది. మేమంతా కలిసి కట్టిన కేంద్రాల కన్నా ఆ పిల్ల బాల్‌పెన్నే నయం.

*

నీలాద్రిరావు గారి నివేదిక ముసాయిదా నా బల్ల మీదికి వచ్చింది. "సేవలలో పదిహేడు నిమిషాల అంతరాయం. అనంతపురం కేంద్రం ఇంచార్జి నిర్లక్ష్యం. కుటుంబ సభ్యులు రోగులను పదేపదే ప్రశ్నించడం వల్ల తాత్కాలిక ఇబ్బంది. శాశ్వత నష్టం లేదు." కింద ప్రణాళిక ఇంజనీరు సంతకానికి ఖాళీ.

ఆడలేక మద్దెల ఓడన్నారట. ఓబులపతి నిర్లక్ష్యం! పిల్లలు అడగడం తప్పు!

కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను. "ముహూర్తం గురించి ఒక్క ముక్క లేదేం సార్?"

"నేను పూజ చేయడం తప్పంటావా?" గొంతు పెంచారు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది. "పూజ తప్పని నేనలేదు. ఇవాళ ఇక్కడ చేసి, రేపు అక్కడ చేస్తే ఏ దేవుడూ కోప్పడేవాడు కాదు. పక్కపక్కన ఫొటో కావాలన్నది మీరు."

"గౌరీ, కూర్చో. వచ్చే నెల నలభై వేల మందికి ఈ గింజ ఇవ్వడానికి అనుమతి రావాలి. శాశ్వత నష్టం అని రాస్తే ఆగిపోతుంది. నలభై వేల మంది మీ ఆయనలాగే నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్నారు. వాళ్ళ గతేమిటి?"

ఆ మాటకి జవాబు చెప్పడం అంత తేలిక కాదు. ఆ మాటే అతి దుర్మార్గమైంది కూడా. "ఆ నలభై వేల మందికీ పది నిమిషాల గింజే ఇస్తారా? జవాబు రాకపోతే పేరు లేదని చెప్పే గింజే ఇస్తారా?"

ఆయన పెన్ను నా వైపు జరిపారు. నేను సంతకం పెట్టలేదు.

ఆ మధ్యాహ్నం ఓబులపతి ఫోన్ చేశాడు. "మేడం, నన్ను తీసేస్తారంట గదా. నేను అవును అని రాసినప్పుడు మీది నడుస్తానే ఉన్నింది. నేనేమన్నా అబద్ధం రాసినానా మేడం? మీరే చెప్పండి."

"లేదు ఓబులపతీ. ఇద్దరం ఒకే తప్పు చేశాం. ఆ ఫారం నాది."

"మా నాయనకు గూడా ఆ గింజ ఉంది మేడం" అన్నాడు. "మా యమ్మ పేరు పోయింది. యాభై ఏండ్లు పిలిచిన పేరు. ఆయమ్మ వంటింట్లోకి పోయి ఏడుస్తాంది, ఆయనకు కనపడకుండా."

ఇన్నాళ్ళూ అతను ఆ సంగతి నాతో అనలేదు.

*

విచారణకి ఢిల్లీ నుంచి ముగ్గురు వచ్చారు. పేరుకి ఢిల్లీయే గానీ అధ్యక్షురాలు మన ఒంగోలు మనిషి, పెద్దావిడ, తక్కువ మాట్లాడేది. రోగుల్లో ఒకరిని చూస్తామంటే నీలాద్రిరావు గారు మా ఆయన్నే ఎంచారు. ఆయన కన్నా బాగా మాట్లాడే రోగి లేడు మరి.

ఆ పొద్దున్న మందాకిని పెన్ను తియ్యలేదు. నాన్న అలవాటుగా అరచెయ్యి చాపితే మూసేసింది.

"ఇవాళ వద్దు నాన్నా."

"అదేంటే?" అన్నాను.

"వాళ్ళకి తెలియాలి" అంది. దాని మొహంలో నా కోపమే కనిపించింది. తొమ్మిదేళ్ళ పిల్లకి అది రాకూడదు.

సమావేశ గదిలో పొడవాటి బల్ల. ఒక చివర టైపిస్టు. మా ఆయన్ని మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కన ఎత్తు కుర్చీలో పిల్ల, కాళ్ళు నేలకి అందలేదు. నీలాద్రిరావు గారు చాలా మర్యాదగా మొదలుపెట్టారు.

"సన్యాసిరావు గారూ, ఇదేమిటండీ?"

"గ్లాసండి."

"ఇది?"

"పెన్నండి. మూత లేదు."

అందరూ నవ్వారు. "ఈవిడెవరు?"

"గౌరి. నా పెళ్ళాం."

"మీ పాత రూటులో స్టాపులు చెప్పగలరా?"

మా ఆయన వెన్ను నిటారయింది. "గురుద్వారా... తాటిచెట్లపాలెం... కంచరపాలెం... మర్రిపాలెం..." గది గోడలు మోగేలా పిలిచాడు. సభ్యుల్లో ఒకాయన బల్ల చరిచి శభాష్ అన్నాడు.

"చూశారు కదండీ" అన్నారు నీలాద్రిరావు గారు, అధ్యక్షురాలి వైపు తిరిగి. "పదకొండు వందల మందీ ఇలాగే ఉన్నారు. అందుకే శాశ్వత నష్టం లేదని రాశాం." పని అయిపోయిన సంతోషంలో, పిల్లలు కనిపిస్తే పెద్దలంతా అడిగేదే అడిగారు. "నీ పేరేంటమ్మా?"

మందాకిని ఆయన వంక సూటిగా చూసింది.

"మా నాన్ననడగండి సార్."

నీలాద్రిరావు గారి నవ్వు మొహం మీదే ఆగిపోయింది. ఆయనకి తెలుసు. జుబేదా గీతలన్నీ ఆయన చూశారు. అధ్యక్షురాలు ముందుకి వంగింది. "చెప్పండి. మీ అమ్మాయి పేరేమిటి?"

మా ఆయన ఎడమ అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. అక్కడేమీ లేదు. చెయ్యి తిప్పి వెనక్కి చూశాడు. కూతురి మొహంలోకి చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. మెడ మీద నరాలు ఉబ్బాయి. నాకు లేచి వెళ్ళి ఆ పేరు గట్టిగా అరవాలనిపించింది. పిల్ల నా వంక చూసి తల అడ్డంగా ఊపింది. కూర్చుండిపోయాను.

చివరికి ఆయన గొంతులోంచి పాత పిలుపు బయటికి వచ్చింది, ముందు సగం లేకుండా.

"...దిగాలమ్మా. దిగాల."

మందాకిని ఎత్తు కుర్చీ మీంచి దిగింది. ఈసారి దూకలేదు. వెళ్ళి నాన్న చెయ్యి పట్టుకుని నిలబడింది.

అధ్యక్షురాలు ముసాయిదా తీసి, చివరి వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీసింది. "ఇక్కడ ఏం రాయాలి?" అని నీలాద్రిరావు గారిని అడిగింది.

"నేను చెప్తానండి" అన్నాను. "పదకొండు వందల మంది అని రాయొద్దు. ఎవరి నోట ఎవరి పేరు పోయిందో ఒక్కొక్కటీ రాయాలి. జాబితా నా దగ్గరుంది. దానికి ముందు, ఎవరెవరు ఏ కాగితం మీద సంతకం పెట్టారో వాళ్ళ పేర్లు రాయాలి. ముహూర్తం ఎవరు పెట్టించారు, రెండో సంకేతం ఎవరు వద్దన్నారు, నాలుగో ప్రశ్నకి ఎన్ని గంటలకి జవాబు రాశారు, అంతా."

టైపిస్టు కాగితం మార్చి నా వైపు తిరిగింది. "చెప్పండి మేడం. మొదట ఎవరి పేరు?"

నా పేరు చెప్పాను.